జైలు నుంచి వచ్చిన ఎం.ఏ.కి పనిచ్చిందెవరు?

మొన్న సునాబెడ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఉద్యోగం ఫారంలో క్రిమినల్ కేసుల గడి ఉంది, అందులో ఏం రాయమంటావక్కా అని అడిగాడు. విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన టౌన్‌షిప్ మాది. పోలీస్ వెరిఫికేషన్ అనే మాట మా వైపు బడి పిల్లలకి కూడా తెలుసు. వాడు ఐటీఐలో ఉండగా ఒక కొట్లాట కేసు పడింది. అబద్ధం ఎందుకు, వాడు కొట్టాడు. జరిమానా కట్టాడు, కేసు అయిపోయింది. అయిపోయిందని మేమనుకున్నాం గానీ, ఆ తర్వాత రెండు చోట్ల పని చేతిదాకా వచ్చి ఆ గడి దగ్గరే ఆగిపోయింది. ఈసారి లేదు అని రాసేస్తే పోతుంది కదా అంటాడు. నాకు వెంటనే నోరు రాలేదు. రేపు చెప్తానన్నాను.

అదే వారం మేడమ్ ఈ గోడపత్రికకి ఒక ప్రముఖుడి జీవితం రాయమన్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు అప్పటిదాకా నాకు పత్రికల చరిత్రలో ఒక మార్కు ప్రశ్న, అంతే. చదువుతూ పోతే మావాడి గడే మళ్ళీ ఎదురైంది.

ఆయన 1883లో కర్నూలులో పుట్టారు. మద్రాసులో ఎం.ఏ. చేశారు. ఆ రోజుల్లో తెలుగువాళ్ళలో ఎం.ఏ.లు ఎంతమంది ఉంటారు? ఆ తర్వాత ఉపాధ్యాయ శిక్షణకి రాజమండ్రి ట్రెయినింగ్ కాలేజీలో చేరారు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. ఊరు ఊగిపోయింది. విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకి వెళ్ళారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్‌కి కోపం వచ్చింది. హరిసర్వోత్తమరావు గారిని కాలేజీ నుంచి పంపించేశారు. అంతటితో ఊరుకోకుండా సర్కారు ఉద్యోగాలకి పనికిరాడని కూడా తేల్చేశారు. పంతులు కావాలని చదువుతున్న మనిషికి ఆ మాట చెప్పడం అంటే, చదివిన చదువుని చేతిలోంచి లాక్కోవడమే. చేసిన నేరం చూస్తే, చొక్కాకి ఒక బ్యాడ్జీ!

తర్వాత బెజవాడలో స్వరాజ్య అనే వారపత్రిక నడిపారు. 1908లో తిరునల్వేలిలో పోలీసులు జనం మీద కాల్పులు జరిపితే దాన్ని నిలదీస్తూ సంపాదకీయం రాశారు. రాజద్రోహం కేసు పెట్టారు. మూడేళ్ళ కఠిన శిక్ష పడింది. వేలూరు జైలుకి పంపారు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు. హంతకుల మధ్య ఉంచారనీ, గొలుసులు వేశారనీ, మట్టి చిప్పలో కూడు పెట్టారనీ చెప్తారు. జైలు సంగతి చాలామంది రాశారు కాబట్టి నేను దాని మీద ఆగను. నన్ను ఆపింది ఆ తర్వాతి సంగతి.

శిక్ష పూర్తయి బయటికి వస్తే జనం ఆయనకి ఇంట్లో చోటివ్వడానికే జంకారట. ఉద్యోగం మాట దేవుడెరుగు! ఇప్పుడు మనం ఆయన్ని ఆంధ్ర తిలక్ అని గొప్పగా చెప్పుకుంటాం. ఆ రోజున మాత్రం తలుపులు మూసుకున్నవాళ్ళూ మన తెలుగువాళ్ళే. వాళ్ళని తిట్టబుద్ధి కావడం లేదు. పోలీసుల కంట్లో పడితే పిల్లల గతేమిటని ఏ ఇల్లాలికైనా ఉంటుంది.

తలుపు తీసింది కొమర్రాజు లక్ష్మణరావు గారు. మనకి భండారు అచ్చమాంబ గారి తమ్ముడంటే ఇంకా దగ్గరగా తెలుస్తుంది. మద్రాసులో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పనికి పూనుకున్నప్పుడు, ఈ జైలు నుంచి వచ్చిన మనిషిని తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. జాలిపడి ఇచ్చిన గుమాస్తా పని కాదది. ఆ మహా ప్రయత్నంలో ఆయనకి కుడిభుజంగా నిలిచింది హరిసర్వోత్తమరావు గారే. మూడు సంపుటాలు వచ్చేసరికి 'అ' అక్షరమే సాగిందంటే పని ఏ స్థాయిలో చేశారో ఊహించుకోండి.

లక్ష్మణరావు గారికి అంత ధైర్యం ఎలా వచ్చింది? నాకు తోచింది ఇది. ఆయనకి ఈ మనిషి ముందే తెలుసు, పోలీసు కాగితాల్లోంచి కాదు, పనిలోంచి. విజ్ఞాన చంద్రికా మండలి వేసిన మొదటి పుస్తకం, అబ్రహాం లింకన్ చరిత్ర, 1907లో రాసింది హరిసర్వోత్తమరావు గారే. చేతిరాత ప్రతి చూసినవాడికి కేసు కాగితం అంత పెద్దగా కనపడదేమో.

ఒక తలుపు తీశాక మిగతావి కూడా తెరుచుకున్నాయి. కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఆంధ్రపత్రికకి సంపాదకత్వం చేశారు. భార్య రమాబాయి గారు సౌందర్యవల్లి అని ఆడవాళ్ళ పత్రిక నడిపారు (దాని మీద మనలో ఎవరైనా వచ్చే సంచికకి రాస్తే బావుణ్ణు). 1927లో నంద్యాల నుంచి మద్రాసు శాసనమండలికి వెళ్ళారు. గ్రంథాలయోద్యమంలో, వయోజన విద్యలో చివరిదాకా తిరిగారు. బడిలో పంతులు కానివ్వని మనిషి రాత్రిబడుల కోసం ఊళ్ళు తిరిగారన్నమాట. 1960 ఫిబ్రవరి 29న పోయారు. వర్ధంతి నాలుగేళ్ళకోసారి వస్తుంది, అందుకే మనం మర్చిపోతామేమో!

ఇదంతా మావాడికి చెప్పాను. ఆయన దేశం కోసం జైలుకెళ్ళాడు, నేను కోపంలో ఒకడిని కొట్టాను, ఇద్దరికీ పోలికేంటక్కా అన్నాడు. నిజమే, పోలిక లేదు. కాకపోతే బయటికొచ్చిన రోజున ఆయనకీ ఆ గౌరవం లేదు, అది తర్వాత వచ్చింది.

మా ఫ్రెండ్ లా చదువుతోంది, తనని అడిగితే ఇంకో సంగతి చెప్పింది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గురించి తేల్చింది. కుర్రతనంలో నినాదాలు చేయడం లాంటి చిన్న కేసైతే, దాన్ని దాచినా సరే, యజమాని చూసీ చూడనట్టు వదిలెయ్యొచ్చు. నిజం చెప్పినవాడికి మాత్రం ఉద్యోగం ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. వాళ్ళు ఆలోచించుకుని నిర్ణయిస్తారు. నినాదాలు అనగానే నాకు రాజమండ్రి గుర్తొచ్చింది.

మావాడికి ఈ రెండు వైపులా చెప్పాను. రాత్రంతా ఆలోచించుకుని, ఉంది అని రాశాడు. జరిమానా కట్టిన కాగితం జత చేశాడు. సెమిలిగుడలో ఏడాదిగా వాడు పనిచేస్తున్న వెల్డింగ్ షెడ్డు మేస్త్రీ దగ్గరికెళ్ళి, తన పని గురించి నాలుగు ముక్కలు రాసిమ్మని అడిగాడు. మేస్త్రీకి తెలుగు రాయడం రాదు, ఒడియాలో రాసి సంతకం పెట్టాడు. అదీ జత చేశాడు.

పదకొండు రోజులైంది. ఇంకా కబురు రాలేదు. వాడు రోజూ షెడ్డుకి వెళ్తున్నాడు.