స్వామి జ్ఞానానందులు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల విద్యార్థులు సముద్రతీరమునకు పోయినపుడు ఇసుకలో నల్లని చారలు చూచియుందురు. ఆంధ్రతీరమున పెక్కుచోట్ల అట్టి బరువైన యిసుకలో ఇతర ఖనిజములతోపాటు మోనజైటు కొంత కలదు. అందు థోరియమను లోహ మిమిడియున్నది. అది యెంత యున్నదో కొలుచు మార్గములలో ఎక్స్-కిరణ వర్ణపటశాస్త్ర మొకటి. ఆ శాస్త్రమున ఆరితేరిన ఆంధ్రుని చరిత్రమును ఇచట చెప్పదలచితిమి.

1896లో భీమవరము చేరువనున్న గొరగనమూడి గ్రామమున భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారు జన్మించిరి. నరసాపురమున చదువుకొనిరి. యౌవనమునందే యిల్లు విడిచి, హిమాలయ ప్రాంతములలో సుమారు పదియేండ్లు యోగసాధనమున గడపి, జ్ఞానానందులను పేర ప్రసిద్ధులైరి. 1927లో తమ గ్రంథమును ప్రకటింపగోరి జర్మనీకి వెళ్లిరి. అచట ఐన్‌స్టీనుగారి సాపేక్షసిద్ధాంతము వారి మనస్సు నాకర్షించెను. యోగమును గూర్చి యితరులకు బోధించువారయ్యును, ముప్పదియేండ్లు దాటిన పిదప విద్యార్థుల బల్లపై కూర్చుండి గణితమును, భౌతికశాస్త్రమును అభ్యసించిరి.

ప్రేగు నగరమున చార్లెసు విశ్వవిద్యాలయములో ఎక్స్-కిరణములపై పరిశోధించి 1936లో డాక్టరు పట్టము పొందిరి. ఆ విద్య యెట్టిదనగా, వేగముగల ఎలక్ట్రానులు గాని ఎక్స్-కిరణములు గాని ఖనిజమునకు తగిలినపుడు, అందలి ప్రతి మూలకమును తనకే చెందిన కిరణములను వెలువరించును. స్ఫటికముచే వానిని విడదీసినచో వేర్వేరు రేఖలు కానవచ్చును. థోరియము పరమాణుసంఖ్య 90. దాని రేఖలు తమ స్థానము తప్పవు. రేఖయొక్క స్థానము మూలకమును తెలుపును. దాని తీవ్రతను, థోరియమెంతయో ముందే తెలిసిన నమూనా రేఖతో సరిపోల్చినచో పరిమాణము తేలును. కిరణములు పుట్టు గొట్టములో గాలి మిగిలినచో పని చెడును. గాలిని తొలగించి శూన్యమును కల్పించు విద్యను గూర్చి స్వామివారు రచించిన గ్రంథము 1947లో అమెరికాలో వెలువడెను.

అంతకుముందే లివర్‌పూలున, న్యూట్రానును కనుగొన్న చాడ్విక్కుగారి యొద్ద వారు పరమాణుకేంద్ర శాస్త్రమున కృషిచేసిరి. స్వదేశమునకు మరలివచ్చి, ఢిల్లీలోని జాతీయ భౌతికశాస్త్ర పరిశోధనాలయమున కొంతకాలము పనిచేసి, 1954లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేరిరి. అప్పటికి వారి వయస్సు ఏబదియేడు. విశ్రాంతి కోరదగిన యీడున వాల్తేరులో పరమాణుకేంద్ర భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పి, తెలుగు బిడ్డలకు పరిశోధనామార్గమును తెరచిరి. 1969లో పరమపదించిరి. అచటి పరిశోధనశాలలు వారి పేర వెలసినవి.

గురుపీఠమునుండి దిగి శిష్యుడగుటకు స్వామివారు సిగ్గుపడలేదు. నేర్చినదానిని పరదేశమున విడిచి రాలేదు. ఇసుకరేణువులో దాగినదానిని కొలువగోరు మన విద్యార్థులకు ఈ రెండు గుణములును ఆవశ్యకములని మా నమ్మకము.