చల్లగాలి మర్మమెరిగిన రుడాల్ఫ్ డీజెల్

ఉగాది వచ్చేసరికే మన షోలాపురంలో ఎండలు ముదురుతాయి. ఈ రోజుల్లో లారీలు, టాక్సీలు నడిపే మనవారిని ఎవరిని అడిగినా ఒక్క మాటే చెబుతారు. తెల్లవారుజామున సునాయాసంగా ఘాటు ఎక్కిన బండి, అదే బరువుతో మిట్టమధ్యాహ్నం ఎక్కమంటే ఆయాసపడుతుంది. అందుకు విరుగుడుగా మన కుర్రవాళ్ళు తలా ఒక ఇంటి చిట్కా పాటిస్తుంటారు. ఒకరు ఇంజను గాలి పీల్చే గొట్టానికి తడి గోనెపట్టా చుడతారు. ఒకరు గొట్టాన్ని బానెట్టు ముందుకు లాగుతారు. మరొకరు గొట్టంలోకే నీటి తుంపరలు పంపుతామంటారు. వీటిలో ఏది మంచిది, ఏది చెడ్డది అనే ప్రశ్నకు జవాబు ఒక మహనీయుని జీవిత చరిత్రలో దొరుకుతుంది. ఆయన పేరు ప్రతి పెట్రోలు బంకు మీదా రాసి ఉంటుంది. అయితే అది ఒక మనిషి పేరని ఎరిగినవారు మాత్రం కొద్దిమందే. ఆయనే రుడాల్ఫ్ డీజెల్. మనలాగే ఆయన కూడా పొట్టకూటికై పరాయిచోటికి వలసపోయిన ఇంటి బిడ్డ. అందుచేత ఆయన కథను ఈ సంచికలో మన కుటుంబాలకు విన్నవించుకోవాలని మేము తలచాము.

డీజెల్ 1858 మార్చి 18న పారిసు నగరంలో జన్మించాడు. తండ్రి థియొడోర్, తల్లి ఎలీజ్. వారిది జర్మను దేశంలోని బవేరియా ప్రాంతం. తండ్రి ఆగ్స్‌బర్గ్ పట్టణం నుంచి పారిసుకు వలసవచ్చి, పుస్తకాలకు అట్టలు కట్టడం, తోలు సామాన్లు తయారుచేయడం వృత్తిగా పెట్టుకున్నాడు. మగ్గం ఉన్న ఇంట్లో పిల్లలు కండెలు చుట్టినట్లే, ఆ ఇంట్లో పిల్లవాడు తయారైన సరుకును బండిలో పెట్టుకొని అంగళ్ళకు చేరవేసేవాడు. తీరిక దొరికితే నగరంలోని యంత్రాల ప్రదర్శనశాలకు పోయి, అక్కడి పాత ఇంజన్లను చూస్తూ పొద్దుపుచ్చేవాడు.

1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం వచ్చింది. ఫ్రాన్సులో ఉంటున్న జర్మనులందరూ వెళ్ళిపోవలసి వచ్చింది. ఉన్న ఇల్లు, చేసుకుంటున్న వ్యాపారం వదులుకొని ఆ కుటుంబం లండను చేరింది. అక్కడ పూట గడవటమే కష్టమైంది. అప్పుడు తల్లిదండ్రులు పన్నెండేళ్ళ రుడాల్ఫ్‌ను ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపారు. ఆ ఇంటి పెద్ద బార్నికెల్ అక్కడి వృత్తి విద్యాలయంలో గణితం బోధించే ఉపాధ్యాయుడు. కన్నవారికి దూరమైనా పిల్లవాడికి చదువు దగ్గరైంది. తాను ఇంజనీరు కాదలచినట్లు పద్నాలుగో ఏట తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు. తరగతిలో ప్రథముడుగా నిలిచి, 1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో విద్యార్థి వేతనం సంపాదించాడు. ఎదిగిన కొడుకు పనిలో చేరి నాలుగు డబ్బులు తెస్తే చాలునని కన్నవారు కోరుకున్నారు. ఆయన చదువునే ఎంచుకున్నాడు. వలస కుటుంబాలలో ఈ ఘర్షణ ఎంతటిదో మనకు వేరే చెప్పనక్కరలేదు.

మ్యూనిక్‌లో ఆయన గురువు కార్ల్ లిండే. యంత్రంతో మంచుగడ్డలు తయారుచేసే విద్యలో లిండే పేరెన్నికగన్న పండితుడు. ఆనాటి ఆవిరి యంత్రాలు బొగ్గు ఇచ్చే వేడిలో పదోవంతు కూడా పనిగా మార్చలేకపోతున్నాయని ఆయన పాఠంలో వివరించాడు. ఆ లెక్క శిష్యుని మనసులో ముల్లులా నాటుకుంది. 1879లో టైఫాయిడ్ జ్వరం వచ్చి పరీక్ష తప్పిపోగా, మరుసటి పరీక్ష వరకు స్విట్జర్లాండులోని వింటర్‌టూర్ పట్టణంలో సుల్జర్ వారి కర్మాగారంలో పని నేర్చుకున్నాడు. 1880లో ఉత్తమ శ్రేణిలో పట్టం పొంది, గురువుగారి కంపెనీ తరఫున పారిసులో మంచుగడ్డల కర్మాగారం నెలకొల్పే పనిలో చేరాడు. మరుసటి సంవత్సరమే దానికి అధికారి అయ్యాడు. సీసాలోనే స్వచ్ఛమైన మంచుగడ్డ కట్టించే పద్ధతికి 1881లో పేటెంటు పొందాడు. 1883లో మార్తా అనే యువతిని వివాహమాడాడు. వారికి ముగ్గురు పిల్లలు.

మంటతో నడిచే ఇంజనును కనిపెట్టినవాడు పదేళ్ళకు పైగా మంచు వ్యాపారంలో ఉన్నాడంటే వింతగా తోచవచ్చు. నిజానికి ఆ రెండు విద్యలకు మూలం ఒక్కటే. సైకిలుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కటం మనమందరం ఎరిగినదే. వాయువును అదిమితే వేడెక్కుతుంది, వ్యాకోచిస్తే చల్లబడుతుంది. మంచు యంత్రంలో అమ్మోనియా వాయువును అదుముతారు. అప్పుడు పుట్టిన వేడిని నీటి గొట్టాల ద్వారా బయటకు తోడేస్తారు. ఆపైన దానిని వ్యాకోచింపజేసి చల్లదనం పుట్టిస్తారు. ఈ వేడిని వదలగొట్టక నిలుపుకుంటే ఏమవుతుందని డీజెల్ ఆలోచించాడు. గాలిని మిక్కిలిగా అదిమితే, అగ్గిపుల్ల గాని విద్యుత్తు రవ్వ గాని లేకుండానే నూనె తనంత తాను మండాలి.

1892లో ఆయన పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1893లో అది మంజూరైంది. ఆ మొదటి ఆలోచనలో మన చిట్కాల కథకు సంబంధించిన ముఖ్యాంశం ఒకటుంది. గాలిని అదమటం మొదలుపెట్టిన తొలిఘట్టంలో సిలిండరులోకి నీటి తుంపర చల్లి, గాలిని వేడెక్కనీయకుండా ఉంచాలని ఆయన సంకల్పించాడు. కాగితం మీద లెక్క చక్కగా కుదిరింది. కాని యంత్రంలో దానిని నెరవేర్చటం అసాధ్యమని తేలి, ఆ నీటి తుంపరను ఆయనే విరమించుకున్నాడు.

ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారంలో ప్రయోగాలు ఆరంభమయ్యాయి. 1893 ఆగస్టు 10న తొలిసారి నూనె పంపినప్పుడు పేలుడు సంభవించి, ఒత్తిడి కొలిచే పరికరం ముక్కలై ఎగిరింది. దగ్గర ఉన్నవారికి ప్రాణాపాయం తప్పింది. అయినా నూనె మండింది కదా అని డీజెల్ సంతోషించాడు. 1894 ఫిబ్రవరి 17న ఇంజను సుమారు ఒక నిమిషం తనంత తాను తిరిగింది. సరిగ్గా మూడేళ్ళకు, 1897 ఫిబ్రవరి 17న, ప్రొఫెసరు ష్రోటర్ అధికారికంగా పరీక్ష జరిపాడు. 20 అశ్వశక్తుల ఆ ఇంజను నూనెలోని వేడిలో నూటికి 26 పాళ్ళు పనిగా మార్చింది. గురువు పాఠంలో విన్న పదోవంతు లెక్కకు శిష్యుడిచ్చిన జవాబు అది.

ఆ రోజుల్లోనే డీజెల్ ఇంకొక ప్రయత్నం చేశాడు. పిస్టను కిందిభాగాన్ని పంపుగా వాడి, గాలిని ముందుగానే కొంత అదిమి సిలిండరులోకి ఎక్కించి చూశాడు. బలం పెరిగింది గాని నూనె ఖర్చు లెక్క చెడింది. పొదుపే పరమావధిగా పెట్టుకున్న మనిషి కనుక ఆ ప్రయత్నాన్ని మానుకున్నాడు. దీనిని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆయన విడిచిన ఈ దారినే తరువాతివారు అందుకున్నారు.

కీర్తి, ధనం ఒక్కసారిగా వచ్చాయి. 1900లో పారిసు ప్రదర్శనలో ఆయన ఇంజను అత్యున్నత బహుమతి పొందింది. అక్కడే ఒక ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపారు. 1912లో సెలాండియా అనే డెన్మార్కు ఓడ డీజెల్ ఇంజన్లతో మహాసముద్ర ప్రయాణం చేసింది. అదే ఏడు ఆయన కూడా పాలుపంచుకొన్న తొలి డీజెల్ రైలింజను వింటర్‌టూర్‌లో తయారైంది. ప్రయోగాలలో అది అనుకున్నంతగా నెగ్గలేదు. అయితే రైల్వే చరిత్రలో తొలి అడుగు మాత్రం పడింది.

యంత్రంలో పిసరంత వేడి వృథా కానీయని ఆ మహానుభావుడు సొంత సొమ్మును కాపాడుకోలేకపోయాడు. మ్యూనిక్‌లో రాజభవనం వంటి ఇల్లు కట్టాడు. నూనె బావుల మీద, భూముల మీద పెట్టిన డబ్బు మునిగిపోయింది. వ్యాజ్యాలు, తలనొప్పులు, అనారోగ్యం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1913 సెప్టెంబరు 29 సాయంకాలం ఆంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కి ఇంగ్లండుకు బయలుదేరాడు. తోటివారితో భోజనం చేసి, పది గంటల ప్రాంతంలో తన గదికి వెళ్ళాడు. తెల్లవారేసరికి ఆయన లేడు. కొన్ని రోజుల తరువాత ఒక డచ్చి పడవవారికి సముద్రంలో ఒక శవం కనిపించింది. దాని మీది వస్తువులు తన తండ్రివేనని కొడుకు గుర్తించాడు. అది ఆత్మహత్యో, ప్రమాదమో, మరేదో నేటికీ తేలలేదు. అప్పటికి ఆయన వయస్సు 55 సంవత్సరాలు. ఇంటివారికి మిగిలినవి అప్పులు.

ఆయన విడిచిన దారిని అందుకొన్నవాడు ఆల్ఫ్రెడ్ బ్యూకి. డీజెల్ పని నేర్చిన వింటర్‌టూరే ఆయన జన్మస్థలం. ఇంజను వదిలే పొగ బలంతోనే ఒక చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో గాలిని అదిమి సిలిండరులోకి ఎక్కించవచ్చునని బ్యూకి 1905లో పేటెంటు పొందాడు. ఇదే నేడు టర్బో అని పిలువబడేది. 1925 నాటికి అది చక్కగా పనిచేసి, ఇంజను బలాన్ని నూటికి 40 పాళ్ళ దాకా పెంచింది. అయితే మంచు యంత్రంలోని పాత ధర్మం ఇక్కడా వర్తిస్తుంది. 40 డిగ్రీల గాలిని రెండింతల ఒత్తిడికి అదిమితే దాని వేడి నూరు డిగ్రీలు దాటుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. అందుచేత అదిమిన గాలిని సిలిండరులోకి పోనిచ్చే ముందు, గొట్టాల అరలలో పారించి, బయటనుంచి నీటితో గాని గాలితో గాని చల్లబరుస్తారు. లిండే మంచు కర్మాగారంలో అమ్మోనియాకు చేసిన ఉపచారమే ఇది.

రైల్వేలో గుమాస్తాలమైన మేము చదివింది మెట్రిక్యులేషను వరకే. అయినా ఆఫ్టర్‌కూలరు అనే మాట పాత సామాన్ల ఇండెంట్లలో పలుమార్లు చూసి, అదేమిటని షెడ్డువారిని అడిగి తెలుసుకున్నాము. 1962లో అమెరికా నుంచి వచ్చి, 1964 నుంచి వారణాసిలో తయారైన డబ్ల్యు.డి.ఎం.2 రైలింజన్లలో ఈ ఏర్పాటే ఉండేది. గుత్తి, కాజీపేట షెడ్ల నుంచి బయలుదేరి, 2600 అశ్వశక్తులతో మన వారిని పుట్టినూళ్ళకు చేరవేసిన ఇంజన్లు అవి. తరువాత అదే ఇంజనును 3100 అశ్వశక్తులకు పెంచినప్పుడు, మేలైన టర్బోతోపాటు పెద్ద ఆఫ్టర్‌కూలరును కూడా అమర్చారు.

ఇప్పుడు మన చిట్కాలను తూచి చూద్దాం. గాలి వేడి సుమారు మూడు డిగ్రీలు తగ్గితే, దాని చిక్కదనం నూటికి ఒక పాలు పెరుగుతుంది. బయటి గాలి 40 డిగ్రీలు, బానెట్టు కింది గాలి 70 డిగ్రీలు అనుకుంటే, లోపలి గాలి పీల్చే ఇంజనుకు నూటికి తొమ్మిది పాళ్ళ గాలి తక్కువ అందుతుంది. కావున పీల్చే గొట్టం నోటిని రేడియేటరు వేడి తగలని చోట, ముందువైపుకు తేవటం మంచి చిట్కా. వాననీరు చొరకుండా మాత్రం చూసుకోవాలి. వేడి ఇంజను పక్కగా పోయే గొట్టానికి, మంట అంటని వేడినిరోధక పట్టీ చుట్టటమూ మంచిదే. తడి గోనెపట్టా నీరు ఆరేవరకే మేలు చేస్తుంది. అది ఆరిపోయి పొగగొట్టానికి తగిలితే నిప్పంటుకోగలదు. టర్బో బండికి అన్నిటికన్నా చౌకైన ఉపాయం, ఇంటర్‌కూలరు రేకుల మధ్య పేరుకొన్న మట్టిని, పురుగులను మెల్లగా నీటితో కడగటం. పందెపు కార్లవారు ఆ రేకుల మీద బయటినుంచి నీరు చల్లుతారు, మంచుముక్కలూ వాడతారు. అది కొద్దిసేపటి పందెానికి పనికివచ్చే పద్ధతే గాని దినవారీ సంసారానికి కాదు. గాలి బాగా అందాలని ఫిల్టరు తీసివేయటం తప్పు. దుమ్ము పోయి సిలిండరును అరగదీస్తుంది.

ఇక గొట్టంలోకి నీళ్ళు పంపే చిట్కా సంగతి. ఇంజను లోపల నీరు చల్లాలన్న ఆలోచన డీజెల్ అంతటివానికే కలిగింది, ఆయనే దానిని వదులుకున్నాడు. తరువాతి కాలంలో విమానాల ఇంజన్లలో నీటిని వాడినవారున్నారు గాని, వారికి చుక్క లెక్క తప్పని పంపులు ఉండేవి. ఇంట్లో అమర్చిన సీసాకు ఆ కొలత ఎక్కడిది? నీరు గాలిలా అణగదు. సిలిండరులో ఎక్కువైతే పిస్టను కడ్డీ వంగుతుంది. బండి అప్పు మీద కొన్నదైతే, ఆ ఒక్క దెబ్బతో ఏడాది కిస్తీలు మునుగుతాయి. బయట చల్లబరచటం మేలు, లోపల తడపటం కీడు.

డీజెల్ చరిత్రలో మన కుటుంబాలు గ్రహించవలసినవి మరి రెండున్నాయి. ఊరుగాని ఊళ్ళో పేదరికం అనుభవించిన పిల్లవానికి, ఒక బంధువు ఇల్లు, ఒక పంతులు చదువు లోకాన్ని మార్చే శక్తినిచ్చాయి. మన ఇళ్ళకు చదువుకోసం వచ్చే పల్లెటూరి పిల్లలకు ఒక మూల చోటివ్వటం ఎంత గొప్ప పనో దీనివల్ల తెలుస్తుంది. రెండవది, వేడిని సకాలంలో బయటకు తోడటం. యంత్రానికి ఆ విద్య నేర్పిన మనిషి తన అప్పుల వేడిని ఎవరితోనూ పంచుకోలేక, లోపలే అదిమి ఉంచుకున్నట్లు కనిపిస్తుంది. కష్టం వచ్చినవారు నలుగురితో చెప్పుకోవాలి, చెప్పుకొనేందుకు నలుగురూ ఉండాలి. మన సంఘం ఉన్నది అందుకే.

నూతన సంవత్సరం అందరి ఇళ్ళలో చల్లదనం నింపుగాక!