తొడనే ప్రయోగశాల చేసుకున్న తుంటి వైద్యుడు

మీ ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా తుంటి కీలు మార్పిడి జరిగిందా? అయితే ఆ ఎక్స్‌రేను ఓసారి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. తొడ ఎముకలోకి దిగిన కాడ, దాని కొసన గుండ్రటి బంతి తెల్లగా మెరుస్తుంటాయి. చాలామందిలో ఆ బంతి చుట్టూ, పైవైపున, సన్నటి నల్లటి ఖాళీ కనిపిస్తుంది. నిజానికి అక్కడ ఎక్స్‌రేకు చిక్కని ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ బంతి తిరిగేది అందులోనే. ఆ ప్లాస్టిక్ అక్కడికి చేరకముందు ఒక వైద్యుడు నాలుగేళ్ల పాటు మరో ప్లాస్టిక్‌ను నమ్మి ఘోరంగా దెబ్బతిన్నారు. ఆయన సర్ జాన్ చార్న్‌లీ. తుంటి మార్పిడిని నమ్మదగ్గ ఆపరేషన్‌గా నిలబెట్టిన మనిషి.

ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతంలో బరీ అనే ఊళ్లో 1911 ఆగస్టు 29న పుట్టారు. తండ్రిది మందుల దుకాణం, తల్లి నర్సింగ్ చదివిన మనిషి. మాంచెస్టర్‌లో వైద్యం చదివి 1935లో పట్టా పుచ్చుకున్నారు. మరుసటి ఏడాదే, పాతికేళ్ల వయసుకే, రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఫెలోషిప్ సాధించారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా ముందు డన్‌కర్క్, తర్వాత ఈజిప్టు చూశారు. అక్కడి వర్క్‌షాపుల్లో పనిముట్లు తయారు చేయించే అలవాటు పట్టుబడింది. లేత్ మెషిన్ మీద మోజు ఆయన్ను జీవితాంతం వదల్లేదు.

యుద్ధం ముగిశాక ఆయన చేసిన ఓ పని వింటే మీకు ఒళ్లు జలదరిస్తుంది. ఎముక ముక్కను అతికిస్తే అది ఎలా కలుస్తుందో తెలుసుకోవడానికి, తోటి వైద్యుడిని ఒప్పించి తన కాలి ఎముక మీదే ఆపరేషన్ చేయించుకున్నారు. గాయానికి ఇన్‌ఫెక్షన్ సోకింది. ఎముక చీము పట్టి మళ్లీ మళ్లీ కోయాల్సి వచ్చింది. ఇది మెచ్చుకోదగ్గ సాహసమని నేననను, ఇప్పుడైతే ఏ ఆసుపత్రీ ఒప్పుకోదు కూడా. కానీ తెలియనిదాన్ని ముందు తన ఒంటి మీద చూసుకోవాలనే ఆ మొండితనం తర్వాత మరోసారి బయటపడింది.

ఆయన దృష్టి తుంటి మీదికి మళ్లడానికి కారణం ఒక కిర్రు చప్పుడు. ఆ రోజుల్లో పారిస్‌కు చెందిన జూడే సోదరులు అరిగిన తొడ ఎముక తల తీసేసి, దాని స్థానంలో అక్రిలిక్ బంతి పెట్టేవారు. అలాంటి బంతి ఉన్న ఓ రోగి చార్న్‌లీ దగ్గరకొచ్చాడు. భోజనాల బల్ల దగ్గర ఉప్పు అందుకోవడానికి ముందుకు వంగినా చాలు, తుంటి కిర్రుమనేదట. ఆ చప్పుడు భరించలేక భార్య గదిలోంచి లేచి వెళ్లిపోయేదట. వినేవాళ్లకు నవ్వొస్తుంది. చార్న్‌లీకి మాత్రం అందులో రాపిడి వినిపించింది. బంతి గిన్నెలో జారకుండా పట్టేస్తే ఆ బలం ఎక్కడికి పోతుంది? ఎముకలో దిగేసిన కాడ మీదికి. కొన్నాళ్లకు కాడ వదులైపోతుంది.

ఇక్కడ తుంటి మీద పడే బరువు గురించి ఒక మాట చెప్పుకోవాలి. కావడి మోసే మనిషిని ఊహించుకోండి. కావడి బద్దకు ఒకవైపు కుండ భుజానికి దూరంగా, రెండోవైపు కుండ బాగా దగ్గరగా ఉందనుకుందాం. బద్ద ఒరగకుండా నిలవాలంటే దగ్గరి కుండ చాలా బరువుగా ఉండాలి. భుజం మీద పడేది ఆ రెండు బరువులూ కలిపి. ఒంటికాలి మీద నిలబడినప్పుడు మీ తుంటి ఆ భుజం లాంటిది. దూరంగా వేలాడే కుండ మీ శరీరం. దగ్గరి కుండ తుంటి పక్కనున్న కండరాల లాగుడు. అందుకే 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలిస్తే తుంటి కీలు మోసేది దాదాపు 150 కిలోలు, ఇంకాస్త ఎక్కువే. నడకలో ప్రతి అడుగూ ఒక క్షణం ఒంటికాలి నిలుపే కదా! అందుకే చార్న్‌లీ గిన్నెను వీలైనంత లోపలికి జరిపారు, కండరం అతుక్కునే ఎముక ముక్కను కోసి బయటివైపు బిగించారు. అంటే దూరపు కుండను దగ్గరికి, దగ్గరి కుండను కాస్త దూరానికి జరిపారన్నమాట.

ఇక రాపిడి సంగతి. ఆరోగ్యంగా ఉన్న మృదులాస్థి మంచు మీద మంచు జారేదానికన్నా నున్నగా జారుతుంది. కీలులోని ద్రవం వల్లే ఇదంతా అని చాలామంది అనుకునేవారు. చార్న్‌లీ మాత్రం జారుడుతనం మృదులాస్థిలోనే ఉందని, కృత్రిమ కీలుకు ఆ ద్రవం పెద్దగా అక్కరకు రాదని తేల్చారు. కాబట్టి తనంతట తానే జారే పదార్థం కావాలి. పైగా బంతి చిన్నదిగా ఉండాలి. పానా పొడవు పెరిగేకొద్దీ నట్టు సులువుగా వదులవుతుంది కదా, పెద్ద బంతి కూడా రాపిడితో గిన్నెను అలాగే మెలిపెట్టి వదులు చేస్తుంది. ఇలా ఆలోచించే చివరికి 22.225 మిల్లీమీటర్ల బంతిని ఖాయం చేశారు, అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడొంతులు. సహజమైన తల దీనికి దాదాపు రెట్టింపు ఉంటుంది.

కాడను ఎముకలో బిగించడానికి దంతవైద్యులు వాడే అక్రిలిక్ సిమెంటును ఎంచుకున్నారు. దీనికి దారి చూపింది మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో దంత పదార్థాల నిపుణుడు డెనిస్ స్మిత్. ఇది జిగురులా అతికించదు. మేస్త్రీ రాళ్ల సందుల్లో సున్నం కూరినట్టు ఎముక లోపలి గరుకుల్లోకి చొచ్చుకుపోయి, బరువును ఒకచోట కాకుండా అంతటా పంచుతుంది. ఇవాళ్టికీ ఎముక సిమెంటు పనిచేసేది అలాగే.

మరి జారే పదార్థం? మీ వంటింట్లో నాన్‌స్టిక్ పెనం మీద అట్టు అంటుకోకుండా లేస్తుందే, ఆ పూత టెఫ్లాన్. 1958 నుంచి చార్న్‌లీ టెఫ్లాన్ గిన్నెలు అమర్చడం మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి కుంటిన వాళ్లు లేచి హాయిగా నడిచారు. దాదాపు 300 మందికి చేశారు. అప్పుడు మొదలైంది అసలు కష్టం. రెండు మూడేళ్లు తిరిగేసరికి బంతి మెత్తటి టెఫ్లాన్‌ను తొలుచుకుంటూ పైకి పోయింది. రాలిన పొడి చుట్టూ ఒళ్లు వాచి, జున్నులాంటి కండ పెరిగి, ఎముకను తినేసింది. నొప్పులతో రోగులు తిరిగి రాసాగారు. వాళ్లను మరొకరికి అప్పజెప్పి చేతులు దులుపుకోలేదాయన. తాను పెట్టిన గిన్నెలను తానే మళ్లీ కోసి తీశారు. నున్నగా జారడం వేరు, అరగకుండా నిలవడం వేరని అంత ఖరీదు చెల్లించాక తెలిసింది.

దారి చూపింది వైద్యుడు కాదు, ఆసుపత్రి వర్క్‌షాపులో పనిచేసే హ్యారీ క్రేవెన్. 1962 మే నెలలో ఒక సేల్స్‌మన్ కొత్తరకం ప్లాస్టిక్ ముక్క పట్టుకొచ్చాడు. లాంకషైర్ బట్టల మిల్లుల్లో మగ్గాల గేర్లకు వాడే దట్టమైన పాలిథిలిన్ అది. చార్న్‌లీ దాన్ని బొటనవేలి గోటితో గిచ్చి చూసి, పనికిరాదని వెళ్లిపోయారు. క్రేవెన్ మాత్రం ఊరుకోక, అరుగుదల కొలిచే యంత్రానికి ఆ ముక్కను బిగించి నడిపాడు. చార్న్‌లీ కోపెన్‌హేగెన్ వెళ్లి తిరిగొచ్చేసరికి యంత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. టెఫ్లాన్ ఒక్కరోజులో అరిగినంత కూడా ఈ పాలిథిలిన్ మూడు వారాల్లో అరగలేదు! కాదన్న మాటను వెంటనే వెనక్కి తీసుకున్నారు చార్న్‌లీ. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ వర్క్‌షాపు ఘట్టమే.

అయితే యంత్రం ఒప్పుకున్నంత మాత్రాన ఒళ్లు ఒప్పుకోవాలని లేదు. టెఫ్లాన్ పొడినీ, పాలిథిలిన్ పొడినీ తన తొడలోనే వేసుకున్నారు చార్న్‌లీ. తొమ్మిది నెలల తర్వాత టెఫ్లాన్ ఉన్నచోట చేతికి తగిలేలా గడ్డలున్నాయి. పాలిథిలిన్ ఉన్నచోట దాదాపు ఏమీ లేదు. 1963లో ఈ సంగతిని లాన్సెట్ పత్రికలో ప్రకటించి, టెఫ్లాన్ వద్దని తోటి సర్జన్లను హెచ్చరించారు. కొత్త గిన్నెను 1962 నవంబరులో తొలిసారి అమర్చారు. కానీ దాన్ని వెంటనే అందరి చేతికీ ఇవ్వలేదు. తన రోగులు కొన్నేళ్లు నడిచాకే, అదీ విగన్ దగ్గరున్న రైటింగ్‌టన్ ఆసుపత్రికి వచ్చి పద్ధతి నేర్చుకున్న సర్జన్లకే, పరికరాలు అమ్మనిచ్చారు.

ఆ ఓపిక అందరికీ ఉండదు. బంతీ గిన్నే రెండూ లోహంతోనే చేసిన ఒక రకం తుంటి కీలును 2010లో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిపించారు. రాలిన లోహపు రజనుతో ఇబ్బంది పడిన వాళ్లు మన దేశంలోనూ ఉన్నారు. మీకు కీలు మార్చి ఉంటే, ఏ రకం, ఏ కంపెనీ, ఏ నంబరు అని ఉండే స్టిక్కరు డిశ్చార్జి కాగితాల్లో ఉందో లేదో చూసి భద్రపరచుకోండి. పాలిథిలిన్‌కూ అరుగుదల తప్పదు. పదిహేను, ఇరవై ఏళ్లకు దాని పొడి కూడా కొందరిలో ఎముకను కరిగించింది. 1990ల చివర నుంచి రేడియేషన్‌తో గట్టిపరిచిన పాలిథిలిన్ వచ్చాక ఆ బెడద బాగా తగ్గింది.

ఇన్‌ఫెక్షన్ మీద ఆయన చేసిన పోరు మరో పెద్ద కథ. మొదట్లో నూటికి ఏడుగురి దాకా చీము పట్టేది. ఆపరేషన్ బల్ల చుట్టూ గాజు గది కట్టించి వడగట్టిన గాలి పంపారు, సర్జన్ ఊపిరిని సైతం గొట్టంతో బయటికి లాగేసే దుస్తులు చేయించారు. 1970 నాటికి ఆ సంఖ్య నూటికి ఒకటి కన్నా దిగువకు పడిపోయింది. 1974లో లాస్కర్ అవార్డు, 1975లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1977లో సర్ బిరుదు వచ్చాయి.

ఆయన తన రోగులను ఓ విచిత్రమైన కోరిక కోరేవారు. చనిపోయాక ఆ కీలును తిరిగి ఇస్తారా అని. చాలామంది సరేనన్నారు. అలా తిరిగొచ్చిన తుంటులను కోసి, సిమెంటు పక్కన ఎముక ఎలా ఉందో, గిన్నె ఎంత అరిగిందో సూక్ష్మదర్శిని కింద చూసేవారు. 1982 ఆగస్టు 5న, 70 ఏళ్ల వయసులో చార్న్‌లీ కన్నుమూశారు. ఆయన అమర్చిన కీళ్లు కొన్ని అప్పటికీ నడుస్తూనే ఉన్నాయి. వాటిలో కొన్ని 30 ఏళ్లు దాటాక కూడా పనిచేస్తున్నట్టు రైటింగ్‌టన్ వైద్యులు తర్వాత నమోదు చేశారు.