గోల్కొండ చెరలో గోపన్న

ఖమ్మము జిల్లా నేలకొండపల్లి గ్రామమున కంచెర్ల వంశమందు లింగన్న మంత్రికిని, కామాంబకును గోపన్న జన్మించెను. ఆత్రేయ గోత్రుడు, నియోగి. నియోగుల యిండ్లలో ఆ కాలమున ఘంటము పట్టిన పిల్లవానికి లెక్కలే విద్య, లెక్కలే జీవిక. ఇంట రామభక్తి యుండెను. కాని కొలువు వేరు, కొలుపు వేరు. గోపన్నయు చాలకాలము ఆ రెంటిని వేరుగనే యుంచెను.

1672లో అబుల్ హసన్ తానాషా గోల్కొండ సింహాసనమెక్కెను. ఆయన కొలువున ప్రధానులైన అక్కన్న మాదన్నలు గోపన్నకు మేనమామలని సంప్రదాయము చెప్పుచున్నది. వారి ప్రాపున గోపన్నకు పాల్వంచ పరగణా తహశీలుదారీ లభించెను. గోదావరి యొడ్డున అడవియంచు పల్లెలు, వానను నమ్ముకొన్న చేలు. వాని శిస్తు రాబట్టి గోల్కొండకు పంపుటయే ఆయన పని. గౌరవమునకు గౌరవము, భుక్తికి భుక్తి. దానిని విడువవలసిన కారణ మేదియు ఆయనకు లేకుండెను.

ఆ పరగణాలోనే భద్రగిరి యున్నది. భద్రారెడ్డిపాలెమునకు చెందిన పోకల దమ్మక్క యను భక్తురాలు ఆ గుట్టపై పుట్టలోనుండి స్వామి మూర్తులను కనుగొని, తాటాకుల పందిరి వేసి, అడవిలో దొరకు తాటిపండ్లనే నివేదన చేయుచుండెనని పెద్దలు చెప్పుదురు. మూర్తియు సామాన్యమైనది కాదు. చతుర్భుజములతో శంఖచక్రధనుర్బాణములు ధరించి, ఎడమ తొడపై సీతమ్మను కూర్చుండబెట్టుకొన్న వైకుంఠరాముడు! ఆ వైభవమునకు ఎండవానలనుండి కాపు తాటాకులు మాత్రమే. పల్లెలు తిరుగుచు వచ్చిన తహశీలుదారు ఆ పందిరిని చూచెను. అంతవరకు వేరువేరుగా నడచిన కొలువును భక్తియు అచ్చట ఎదురుపడినవి.

మొదట ప్రజల నడిగి ద్రవ్యము కూర్చెను. అది చాలలేదు. పిదప శిస్తు సొమ్మునే వెచ్చించి ఆలయమును, ప్రాకారమును, గోపురమును కట్టించెను. మొత్తము ఆరు లక్షలని ప్రతీతి. ఈ ఘట్టమును కథకులు త్వరత్వరగా దాటిపోవుదురు గాని, దాటవలసినది కాదు. ఆ సొమ్ము గోపన్నది కాదు, ప్రభువుది. లెక్కలలో ఆరితేరినవానికి ఆ భేదము తెలియదనుట ఆయనను తక్కువ చేయుటయే. తెలిసియే చేసెను, ఏమి రానున్నదో యెరిగియే ఆలయపు పని నిలుపలేదు. కాలమును లెక్కించినచో మరియొకటి తోచును. తానాషా పాలనము 1687తో ముగిసెను. పండ్రెండేండ్ల చెర ఆ పదునైదేండ్లలోనే ఇముడవలయునన్నచో, ఉద్యోగము, సంకల్పము, ఆలయనిర్మాణము అన్నియు మూడేండ్ల లోపుననే జరిగియుండవలెను. ఆలోచించి జంకుటకు ఆయన వ్యవధి తీసికొనలేదు.

శిస్తు అందకపోగా తానాషా ఆయనను గోల్కొండ కోటలో బంధించెను. మేనమామలు ప్రధానులైనను చెర తప్పలేదు. అచ్చటినుండి వెలువడిన కీర్తనలే నేడు మన యిండ్లలో భజనలలో పాడుకొనునవి. వానిలో ఒకటి అచ్చమైన తహశీలుదారు లెక్క. సీతమ్మకు చింతాకు పతకము, భరతునకు పచ్చల పతకము, శత్రుఘ్నునకు బంగారు మొలతాడు, స్వామికి కలికితురాయి. దేనికెంత పట్టినదో పద్దు వెంట పద్దుగా స్వామికే అప్పగించెను. దెబ్బల బాధకు తాళలేక స్వామిని నిష్ఠురముగ నిందించెను కూడ. వెంటనే ఆ నిందకు నొచ్చుకొని క్షమింపుమని వేడుకొనెను. స్వామి వినకున్న, తగిన సమయము చూచి తన మాట చెప్పుమని సీతమ్మ నాశ్రయించెను. కొలువు విడిచిన దినమున కంటె ఈ దినములే ఆయనకు కష్టతరములు. తాను పట్టిన త్రోవ సరియైనదే యని చెప్పువా డొక్కడును అచ్చట లేడు, స్వామియు పలుకలేదు. అయినను, చేసిన పని తప్పని మాత్రము ఏ కీర్తనలోను ఒప్పుకొనలేదు. గోపన్నగా లోనికేగినవాడు ఆ చీకటిలో రామదాసయ్యెను.

రామోజీ, లక్ష్మోజీ యను పేర్లతో రామలక్ష్మణులే యొక రేయి తానాషా శయ్యాగృహమున కేగి, ఆరు లక్షలును చెల్లించి రసీదు పుచ్చుకొనిరని భక్తుల విశ్వాసము. నిద్ర మేల్కొన్న ప్రభువు రామదాసును విడిపించి, సగౌరవముగ భద్రాచలమునకు పంపెను. శ్రీరామనవమి కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు మర్యాదయు తానాషాతోనే ఆరంభమైనదని చెప్పుదురు. గోల్కొండ కాలము మాత్రము అంతటితో తీరవచ్చినది. 1686లో అక్కన్న మాదన్నలు హతులైరి. మరుసటి యేడు ఔరంగజేబు సేనలకు కోట వశమయ్యెను. రామదాసును చెరనుంచిన తానాషా తానును బందీయై, దౌలతాబాదు కోటలోనే మరణించెను.

గోల్కొండలో రామదాసు బందీఖానా యని చూపు చీకటిగదిలో, గోడపై చెక్కిన దేవతామూర్తులు నేటికిని కానవచ్చును. భద్రాచలమున ప్రతి శ్రీరామనవమికి ప్రభుత్వము పక్షమున ముత్యాల తలంబ్రాలు నేటికిని వచ్చుచున్నవి.