మార్లవాయి హైమన్‌డార్ఫ్

గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నారా? అయితే హైమన్‌డార్ఫ్ పేరు మీకు ఒక బిట్‌గా తెలిసే ఉంటుంది. కుమ్రం భీం పోరాటం తర్వాత గోండుల స్థితిగతులపై నిజాం సర్కారుకు నివేదిక ఇచ్చిందెవరు? టిక్ పెట్టేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాం. ఈసారి కాస్త ఆగండి.

ఆయన 1909లో వియన్నాలో పుట్టారు. ఆంత్రపాలజీలో డాక్టరేట్ చేశారు. (అది చదివితే ఉద్యోగమేదని మీ ఇంట్లో అడిగినట్టే అప్పుడూ అడిగి ఉంటారు!) 1939లో భార్య బెట్టీతో కలిసి మన దేశంలో ఉండగా యుద్ధం మొదలైంది. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్ట్. ముప్పై ఏళ్లకే బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రువైపోయారు. హైదరాబాద్ సంస్థానంలోనే ఉండాల్సి వచ్చింది. సరే, ఇక్కడే పని వెతుక్కున్నారు. ముందు చెంచులు, తర్వాత కొండరెడ్లు.

1940లో జోడేఘాట్‌లో భీంని కాల్చి చంపారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తేల్చే పని హైమన్‌డార్ఫ్‌కి వచ్చింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని, గోండి నేర్చుకుని, వాళ్లలో ఒకడిగా ఉండిపోయారు. అలా ఉంటే గానీ అసలు సంగతి బోధపడలేదు. తేలికపాటి నేలల్ని గోండులు కొన్నేళ్లు దున్ని, కొన్నేళ్లు బీడు పెట్టేవారు. ఆ బీడుని అటవీశాఖ రిజర్వు ఫారెస్టులో కలిపేసుకుంది. పట్టా అనే కాగితం ఒకటుంటుందని తెలియనివాళ్ల పొలాలు, బయటినుంచి వచ్చి ఆఫీసుల చుట్టూ తిరగడం తెలిసినవాళ్ల పేర రాసేశారు.

ఈ నివేదికలే ఆయన్ని నిజాం సర్కారులో గిరిజన వ్యవహారాల సలహాదారుని చేశాయి. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండిలో వాచకాలొచ్చాయి. లక్ష ఎకరాలకు పైగా భూమికి ఆదివాసుల పేర పట్టాలు వచ్చాయి. నా దృష్టిలో ఆయన రాసిన పుస్తకాలన్నీ ఒక ఎత్తు, ఈ పట్టాలొక ఎత్తు.

తర్వాత లండన్‌లో ప్రొఫెసర్‌గా పాతికేళ్లు. రిటైరయ్యాక 1970ల చివర్లో మళ్లీ ఆదిలాబాద్ వచ్చి చూస్తే ఏముంది? అప్పుల కింద, కౌళ్ల కింద, ఆ భూములు చాలావరకు వలసొచ్చినవాళ్ల చేతుల్లోకి పోయాయి. అదీ 1/70 చట్టం అమల్లో ఉండగానే! ఆ నష్టాన్నంతా 1982లో పుస్తకంగా అచ్చేశారు.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో కన్నుమూశారు. ఇప్పుడు ఆయన సమాధీ ఆమె పక్కనే ఉంది. జైనూర్ వైపు వెళ్తే చూసి రండి.