మేరీ మాంటేగు దొరసాని

మేరీ పియర్‌పాంట్ 1689వ సంవత్సరమున ఇంగ్లండునందొక ప్రభువంశమున జన్మించెను. పసితనముననే తల్లి గతించెను. ఏడెనిమిదేండ్ల ప్రాయమున తండ్రి ఆమెను సింగారింపజేసి తన మిత్రులు కూడు సభకు పిలిపించెననియు, ఆ పెద్దమనుష్యులు ఆ యేటి సుందరిగా ఆమె పేర పానపాత్రలెత్తి, ఒడినుండి యొడికి మార్చుకొనుచు ముద్దుచేసిరనియు ఆ కుటుంబమువారు చెప్పుకొనుచుండిరి. చక్కదనమునకు దొరకు మన్ననను బాలిక ఆనాడే రుచిచూచెను. ఆమె తండ్రి గ్రంథాలయమున గూర్చుండి, తనంతట తానే లాటిను భాషయు నేర్చుకొనెను. ఈ రెండవ ఘనత కెవ్వరును పాత్ర లెత్తినట్లు వినము.

తండ్రి కుదిర్చిన సంబంధ మిష్టములేక, 1712లో ఎడ్వర్డు వర్ట్లీ మాంటేగును రహస్యముగా పెండ్లాడెను. మరుసటి యేట ఆమె తమ్ముడు మశూచికమువలన ఇరువదియేండ్లకే మృతినొందెను. 1715 డిసెంబరులో ఆ వ్యాధియే ఆమెకును సోకెను. ప్రాణము దక్కెను గాని ముఖము గుంటలు పడెను. కనురెప్పల వెండ్రుకలు రాలిపోయి మరల మొలవలేదు. అప్పటికామెకు ఇరువదియారేండ్లు.

సోమవారము మొదలు శనివారమువరకు దినమున కొకటిగా ఆమె వ్రాసిన ఆరు పద్యఖండికలలో కడపటిదానికి మశూచికమే విషయము. అందు ఫ్లావియా యను యువతి అద్దమును వెనుకకు త్రిప్పి పట్టుకొని, శయ్యపై బడి, పోయిన మోమునకై విలపించును. ఉద్యానములకు, నాటకశాలలకు, అలంకరణములకు సెలవు చెప్పును. నయమగునని నమ్మించిన వైద్యులను నిందించును. కవయిత్రి ఆమెతో ఏడ్చుచున్నదా, ఆమెను జూచి నవ్వుచున్నదా యని చదువరికి సందేహము కలుగును. రెండును నిజమేయని నాకు తోచుచున్నది. రూపము పోయినచో సర్వమును పోయెననుకొనునట్లు పెంపబడిన పిల్ల గోడది. నవ్వు మాత్రము పెంచిన లోకమునకే తగులును.

1716లో భర్త తురుష్కదేశమునకు రాయబారిగా నియమింపబడగా ఆమెయు వెంట వెళ్లెను. అచ్చట ముసలి స్త్రీలు స్ఫోటకపు రసిని సూదితో ఆరోగ్యవంతుల నరములలో నెక్కించి, తేలికగా వ్యాధి రప్పించి రక్షించుట చూచి, 1717లో తన నెచ్చెలి సారా చిస్వెలుకు సవిస్తరముగా వ్రాసెను. 1718లో తన కుమారునికిని, 1721లో లండనునందు రాజవైద్యుల యెదుట మూడేండ్ల కుమార్తెకును అట్లే చేయించెను. మనవారు అమ్మవారని మ్రొక్కిన వ్యాధితో కోరి చెలగాటమాడుట యెట్టి సాహసమో తల్లిదండ్రులే యెరుగుదురు. వైద్యులు పలువురు వాదించిరి. మతబోధకులు కొందరు తప్పుపట్టిరి. ఇందు అపాయము లేకపోలేదు. ఆనాటి లెక్కల ప్రకారము ఈ టీకావలన ఇంచుమించు ఏబదిమందిలో ఒకరు, సహజముగా వ్యాధి సోకినవారిలో అయిదారుగురి కొకరు మరణించుచుండిరి. 1722లో యువరాణి కారొలీన్ తన యిద్దరు కుమార్తెలకు టీకా వేయించెను. సారా చిస్వెలు మాత్రము 1726లో మశూచికమువలననే మరణించెను.

జెన్నరు గోస్ఫోటకపు టీకాను 1796లో పరీక్షించెను. మశూచికము భూమిపై నశించెనని 1980లో ప్రకటించిరి.

1739లో మేరీ ఇంగ్లండు విడిచి చిరకాలము ఇటలీలో నివసించెను. పదునొకండేండ్లనుండి తాను అద్దము చూడలేదని 1757లో కుమార్తెకు జాబు వ్రాసెను. 1762లో లండనుకు మరలివచ్చి, ఆ యేటనే కన్నుమూసెను.