కర్షక పక్షపాతి ఆచార్య రంగా

రైతు కష్టఫలంపై పెత్తనం చేయదలచినది జమీందారైనా, ప్రభుత్వమైనా ఎదిరించి నిలిచిన నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా. ఆయన పూర్తి పేరు గోగినేని రంగనాయకులు. 1900 నవంబరు 7న గుంటూరు సీమలోని నిడుబ్రోలులో, ఒక రైతు కుటుంబంలో జన్మించారు.

రంగా ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం అభ్యసించి 1926లో బి.లిట్. పట్టా పొందారు. స్వదేశానికి తిరిగివచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. 1930లో గాంధీజీ పిలుపు విని స్వాతంత్ర్యోద్యమంలో ప్రవేశించారు. జమీందారీ గ్రామాలలో శిస్తు భారంతో కృంగిపోతున్న రైతులను సంఘటితపరిచారు. రైతు కార్యకర్తల శిక్షణ కోసం 1934లో నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం స్థాపించారు. 1936లో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభ స్థాపకులలో ఆయన ఒకరు.

స్వాతంత్ర్యానంతరం జమీందారీలు రద్దయ్యాయి. రైతుకు మేలు జరిగిందని సంతోషించినంతలో మరొక సమస్య తలెత్తింది. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెస్ మహాసభ సహకార సమష్టి వ్యవసాయాన్ని దేశ లక్ష్యంగా తీర్మానించింది. రైతులు తమ భూములను ఒకటిగా కలిపి సాగుచేయాలన్నది దాని సారాంశం. రంగా దీనిని తీవ్రంగా వ్యతిరేకించారు. పరపతి కోసం, పంటల విక్రయం కోసం రైతులు స్వచ్ఛందంగా ఏర్పరచుకొనే సహకార సంఘాలు ఆయనకు సమ్మతమే. కాని ఏ పైరు వేయాలో, ఎప్పుడు వేయాలో నిర్ణయించే స్వేచ్ఛ పోతే సేద్యంపై మమకారమూ పోతుందని ఆయన భావించారు. పంట నష్టపోతే ఆ బాధ అనుభవించేది రైతు కుటుంబమే తప్ప, ఆజ్ఞలిచ్చిన అధికారి కాడని ఆయన వాదం.

అదే సంవత్సరం రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని నెలకొల్పి, దానికి తొలి అధ్యక్షులయ్యారు. పరిశ్రమలకు, వ్యాపారాలకు అడుగడుగునా లైసెన్సులు, పర్మిట్లు విధించే విధానాన్ని ఆ పార్టీ ఖండించింది. మాజీ సంస్థానాధీశులు, జమీందారులు కూడ అందులో చేరడంతో, అది ధనికుల పక్షమని విమర్శకులు ఆక్షేపించారు. జమీందారీలపై పోరాడిన రంగాకు ఈ నింద మోయక తప్పలేదు.

1964లో వచ్చిన పదిహేడవ రాజ్యాంగ సవరణ రైత్వారీ భూములను సైతం ఎస్టేటు అనే నిర్వచనంలో చేర్చింది. సామాన్య రైతును జమీందారు సరసన నిలిపిన ఆ సవరణను స్వతంత్ర పార్టీ ప్రతిఘటించింది. అయితే, పరిమితికి లోబడి స్వయంగా సాగుచేసుకొనే భూమిని తీసుకుంటే మార్కెట్ విలువకు తగ్గని పరిహారం చెల్లించాలన్న రక్షణ కూడ ఆ సవరణలోనే చోటు చేసుకుంది.

1962లో 18 లోక్‌సభ స్థానాలు పొందిన స్వతంత్ర పార్టీ 1967లో 44 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షంగా ఎదిగింది. 1971లో 8 స్థానాలకు తగ్గిపోయింది. రంగా తరువాత తిరిగి కాంగ్రెస్‌లో చేరి, గుంటూరు నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1991లో భారత ప్రభుత్వం ఆయనను పద్మవిభూషణ్‌తో గౌరవించింది. అనేక పరిశ్రమలకు లైసెన్సు విధానం రద్దయినదీ ఆ సంవత్సరమే.

1995 జూన్ 9న రంగా పరమపదించారు. పార్టీలు మారినా, రైతు తన భూమికి తానే యజమానిగా ఉండాలన్న ఆశయాన్ని ఆయన విడువలేదు. ప్రజల మేలు కోరి చేసే చట్టమైనా వారి స్వేచ్ఛను హరించరాదని ఆయన జీవితం మనకు బోధిస్తుంది.